వెయ్యి ముప్పై అయ్యే చోటు

సైకిలు మీద దూరప్రయాణాలు చేసే పాఠకుల ప్రశ్న ఇది: దారిలో టీకో టిఫిన్‌కో పది నిమిషాలు ఆగినప్పుడు సైకిలుకు వేయడానికి జేబులో పట్టే నెంబర్ తాళం చాలదా? ప్రశ్న వెనక ఉన్న ఇబ్బంది నిజమైనదే. 200 కిలోమీటర్ల బ్రెవే (గడువు లోపల పూర్తిచేయాల్సిన సైకిలు దూరప్రయాణం) పదమూడున్నర గంటల్లో ముగించాలి, మనం ఆగినా గడియారం ఆగదు. అలాంటి ప్రయాణంలో కిలోకు పైగా బరువుండే యు-లాక్‌ను ఎవరూ మోయరు. అందుకే సన్నటి ఉక్కు కేబుల్, దాని చివర మూడు అంకెల బిళ్లలు. ఒక్కో బిళ్ల మీద 0 నుంచి 9 దాకా పది అంకెలు కాబట్టి మొత్తం 1000 కూర్పులు. ఒక్కోటి ప్రయత్నించడానికి రెండు సెకన్లు వేసుకున్నా అన్నీ తిప్పి చూడటానికి 33 నిమిషాలు, సగటున పదిహేడు. మనం ఆగేది పదే కదా అని ధీమా. లెక్కలో తప్పులేదు. తప్పంతా దొంగ కూడా ఇదే లెక్క వేస్తాడనుకోవడంలో ఉంది.

తాళం లోపల జరిగేది చూద్దాం. మూసినప్పుడు మూడు పళ్ళున్న ఒక కడ్డీ మూడు బిళ్లల నడుమ నుంచి దూరి ఉంటుంది. ప్రతి బిళ్ల లోపలి అంచులో ఒక గాడి. మూడు గాడులూ పళ్ళ ఎదుటికి వస్తే కడ్డీ బయటికి జారుతుంది, ఏ ఒక్కటి పక్కకు తిరిగి ఉన్నా ఆ అంచుకు పన్ను తగిలి ఆగిపోతుంది. ఇప్పుడు తాళం మూసి ఉండగానే కేబుల్‌ను కాస్త గట్టిగా లాగి పట్టుకోండి. మూడు పళ్ళూ మూడు బిళ్లలకూ ఒకేసారి సమానంగా ఆనాలి. కానీ ఏ కర్మాగారమూ మూడు పళ్ళ మధ్య దూరాన్నీ మూడు బిళ్లల మందాన్నీ అచ్చంగా ఒకేలా కోయలేదు. మిల్లీమీటరులో నూరోవంతు తేడా ఉన్నా చాలు, ఒక పన్ను మిగతావాటి కంటే ముందు ఆనుతుంది. మన లాగుడు బలమంతా ఆ ఒక్క బిళ్ల మీదే పడుతుంది. అది బిగుసుకుంటుంది, మిగిలిన రెండూ వదులుగా తిరుగుతాయి. ఆ బిగుసుకున్న బిళ్లను ఒక్కో అంకే తిప్పుకుంటూ పోతే ఒకచోట గాడి పన్ను కిందికి వస్తుంది, కడ్డీ వెంట్రుకవాసి ముందుకు కదులుతుంది. బొటనవేలికి ఆ చిన్న కదలిక స్పష్టంగా తెలుస్తుంది. ఒక అంకె దొరికినట్టే. ఇక భారం రెండో బిళ్ల మీద పడుతుంది, తర్వాత మూడోదాని మీద. పదిని పదితో, మళ్ళీ పదితో గుణించాల్సిన చోట కూడిక సరిపోయింది. వెయ్యి కాస్తా ముప్పై అయింది. నాలుగో బిళ్ల చేర్చితే ఊహించేవాడికి పదివేలు, వేలితో తడిమేవాడికి నలభై. ఇంత సొగసైన సంగతి యంత్రాల ప్రపంచంలో అరుదు.

కూర్పుల సంఖ్యను చూసి మోసపోయినవాళ్ళలో మహామహులున్నారు. లండన్‌లో జోసెఫ్ బ్రామా 1784లో పేటెంటు పొందిన తాళానికి ఆ కాలంలో తిరుగులేదు. 1790 నుంచి ఆయన దుకాణం అద్దాల కిటికీలో ఒక తాళం పెట్టి, తీసినవారికి 200 గినీల బహుమతి అని ప్రకటించారు. అందులో తాళంచెవి సరైన లోతుకు నెట్టాల్సిన 18 పలకలు, సుమారు 47 కోట్ల కూర్పులు. అరవై ఏళ్ళు దాటినా అది లొంగలేదు. 1851లో లండన్‌లో జరిగిన మహాప్రదర్శనకు అమెరికా నుంచి వచ్చిన ఆల్ఫ్రెడ్ చార్లెస్ హాబ్స్ పదహారు రోజుల్లో 51 గంటలు కూర్చుని దాన్ని తెరిచాడు. 47 కోట్లూ వరసగా ప్రయత్నించి ఉంటే సెకనుకు రెండువేల ఐదువందలకు పైగా చూడాలి! అతను చేసింది అది కాదు. ఒత్తిడి పెట్టి, ఏ పలక బిగుసుకుందో తడిమి చూసి, ఒక్కోదాన్నీ విడిగా సర్దాడు.

అంకెల సంగతి సరే, కటింగ్ ప్లయర్ ఉన్నవాడికి ఇవన్నీ ఎందుకు, కేబులే తెంపుతాడు కదా అనవచ్చు. నిజమే, తెంపుతాడు. అక్కడా తాళం ఓడిపోయేది ఇదే కారణంతో. కేబుల్‌ను లాగితే తీగలన్నీ కలిసి బలం పంచుకుంటాయి, మనిషి చేతులతో తెగదు. ప్లయర్ అంచుకు మాత్రం ఆ తీగలు ఒకదాని తర్వాత ఒకటి ఎదురవుతాయి, కొన్నిటిని కోశాక మరికొన్ని. కష్టాన్ని ముక్కలు చేయగలిగితే ఏ తాళమూ నిలవదు. యు-లాక్‌లోని లావాటి కడ్డీని ప్లయర్‌తో అలా ముక్కలుగా కోయలేరు, దాని బరువుకు అర్థం అదే. తేలిక తాళం కొంటున్నామంటే పనిముట్టుతో వచ్చేవాడి ముందు ఓటమిని ముందే ఒప్పుకున్నట్టు. మరి తాళమే దండగ కదా? కాదు. మన పాత సైకిళ్ళ వెనక చక్రానికి బిగించిన రింగు తాళం సైకిలును దేనికీ కట్టలేదు, ఎత్తుకుపోతే పోయేదే. అయినా ఊళ్ళన్నీ తరాల తరబడి దాన్ని నమ్మాయి. ఎందుకంటే అది చటుక్కున ఎక్కి తొక్కుకుపోయేవాణ్ణి ఆపేది. పది నిమిషాల మజిలీలో తేలిక తాళం చేయాల్సిన పని అంతే. ఆ పనికి నాలుగో బిళ్ల, ప్యాకెట్ మీద అచ్చువేసిన లాగుడు బలం, రెండూ పనికిరాని గొప్పలు.

కొనేటప్పుడు దుకాణంలోనే తాళం మూసి, కేబుల్ లాగిపట్టి బిళ్లలు తిప్పి చూడండి. బిగిసిన బిళ్లలో ఒకే ఒక్క అంకె దగ్గర కడ్డీ కదలిక తెలిస్తే అది తన అంకెలను తానే చెప్పేస్తోంది, పక్కన పెట్టేయండి. మంచి తాళాల్లో బిళ్లకు అసలు గాడితోపాటు లోతులేని దొంగ గాడులు కూడా కోస్తారు, వేలికి ఏది అసలో తెలియకుండా. ఇక వాడకం గురించి ఒక్క మాట. కేబుల్‌ను వెనక చక్రం, ఫ్రేము రెంటిలోంచీ దూర్చి కదలని స్తంభానికి చుట్టండి, సైకిలు కళ్ళముందే ఉండేలా కూర్చోండి. చిన్న మజిలీయే కదా అని చాలామంది ఒక్క బిళ్లను రెండంకెలు పక్కకు జరిపి లేస్తారు. అప్పుడు దొంగకు ముప్పై కూడా అక్కర్లేదు, పది చాలు. తిరిగొచ్చి తీయడానికి మరో నాలుగు సెకన్లు పట్టినా సరే, ఆగిన ప్రతిసారీ మూడు బిళ్లలూ చెదరగొట్టండి.