కోరి తెచ్చుకున్న కష్టం

1978 ఫిబ్రవరి 18న హవాయిలోని ఒవాహు దీవి దగ్గర పదిహేను మంది సముద్రంలోకి దిగారు. 3.8 కిలోమీటర్ల ఈత, ఆ వెంటనే 180 కిలోమీటర్ల సైకిలు, ఆపైన 42 కిలోమీటర్ల పరుగు. మొట్టమొదటి ఐరన్‌మ్యాన్ ట్రయథ్లాన్ అదే. దారిలో చలివేంద్రాలు లేవు. ఎవరి సహాయకుల్ని వాళ్లే వెంటబెట్టుకుని రావాలి. జాన్ డన్‌బార్ దగ్గర పరుగు మధ్యలో నీళ్లు అయిపోయాయి. వెంట ఉన్న మిత్రుల దగ్గర మిగిలింది బీరే, దాన్నే అందించారు. అతను తూలుతూ వెళ్లి రెండో స్థానంలో ఆగాడు. గార్డన్ హాలర్ 11 గంటల 46 నిమిషాల 58 సెకన్లలో గెలిచాడు. చివరిదాకా నిలిచినవాళ్లు పన్నెండు మంది.

డన్‌బార్ 42 కిలోమీటర్ల పరుగును కోరుకునే వచ్చాడు. దాహాన్ని కోరుకుని రాలేదు. పాల్గొనేవాళ్లకు మంచి ట్రయథ్లాన్ అంటే ఏమిటో తేల్చే గీత ఈ రెంటి మధ్యే ఉంది. దూరం, ఎక్కుడు, అలసట తెలిసి ఒప్పుకున్న కష్టాలు. వాటిని తగ్గించమని ఎవరూ అడగరు. మురికి నీళ్లు, దారి చెప్పే మనిషి లేని మలుపు, ఖాళీ అయిపోయిన నీళ్ల డ్రమ్ము మాత్రం ఎవరూ ఒప్పుకోని కష్టాలు. నిర్వాహకుల పని ఈ రెండో రకాన్ని ముందే ఏరి పారెయ్యడం. ఏరాలంటే శరీరం ఎక్కడ ఎలా తడబడుతుందో తెలియాలి, నేల స్వభావమూ తెలియాలి.

నేల కోసం ఒడిశాలోని కోరాపుట్, రాయగడ జిల్లాలను తీసుకుందాం. రెండూ 1992 అక్టోబరు దాకా ఒకే జిల్లా. రాయగడ, గుణుపురం, జయపురం వీధుల్లో తెలుగు ధారాళంగా వినిపిస్తుంది. రాయగడను ఆనుకుని పారే నాగావళి శ్రీకాకుళం మీదుగా సముద్రంలో కలుస్తుంది. కోరాపుట్ కొండల్లో పుట్టిన కొలాబ్ దిగువన శబరి అనే పేరుతో వచ్చి గోదావరిలో చేరుతుంది. సాలూరు ఘాట్ ఎక్కి పొట్టంగి, సిమిలిగుడ, సునాబేడ దాటితే కోరాపుట్. సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తు. పక్కనే ఎగువ కొలాబ్ జలాశయం. చుట్టూ కొండదారులు, పైన 1,672 మీటర్ల దేవమాలి శిఖరం. ఈతకు నీళ్లు, సైకిలుకు ఎత్తుపల్లాలు, పరుగుకు చల్లని గాలి ఒక్కచోటే ఉన్నాయి. ఒక ట్రయథ్లాన్‌కు ఇంతకన్నా ఏం కావాలి అనిపిస్తుంది. చాలానే కావాలి.

ముందు నీళ్ల సంగతి. ట్రయథ్లాన్‌లో అతి తక్కువసేపు సాగే భాగం ఈత. ప్రాణాపాయం ఎక్కువగా ఉన్నదీ అదే. అమెరికాలో 1985 నుంచి 2016 దాకా ట్రయథ్లాన్లలో జరిగిన మరణాలను, గుండె ఆగిన ఘటనలను పరిశోధకులు ఒకచోట చేర్చి 2017లో ప్రచురించారు. మొత్తం 135. వాటిలో 90 నీళ్లలోనే జరిగాయి. పోటీదారుల సంఖ్యతో చూస్తే ఇది అరుదే, లక్షమందిలో ఇద్దరికన్నా తక్కువ. కానీ తొంభై అన్న అంకె ఏ నిర్వాహకుడికీ నిద్ర పట్టనివ్వకూడనిది.

కారణం మీద బ్రిటన్ శాస్త్రవేత్తలు మైఖేల్ షాటాక్, మైక్ టిప్టన్ 2012లో ఒక వివరణ ఇచ్చారు. చల్లటి నీళ్లు ఒంటికి తగలగానే ఊపిరి ఎగపోస్తుంది, గుండె వేగం పెరుగుతుంది. అదే సమయంలో ముఖం నీళ్లలో మునిగి ఊపిరి బిగబట్టినప్పుడు, గుండెను నెమ్మదించమని ఇంకో నాడీ మార్గం ఆజ్ఞ ఇస్తుంది. ఒకటి తరుముతుంటే ఇంకొకటి లాగుతుంది. ఆరోగ్యవంతుల్లో కూడా గుండె లయ తప్పే అవకాశం అప్పుడే. దీనికి తోడు చుట్టూ వందమంది చేతులు కాళ్లు తగులుతుంటే పుట్టే భయం ఒకటి. అందుకే అందర్నీ ఒక్క తుపాకీ దెబ్బకు దింపే పద్ధతి నుంచి చాలా పోటీలు ఇప్పుడు పక్కకు జరిగాయి. ఈత వేగాన్నిబట్టి వరసలో నిలబెట్టి, కొన్ని సెకన్లకు కొందరి చొప్పున వదులుతున్నారు. పోటీకి ముందు పది నిమిషాలు నీళ్లలో తిరిగి ఒళ్లు అలవాటు చేసుకోనివ్వడం కూడా ఈ వివరణలోంచి నేరుగా వచ్చే జాగ్రత్తే.

జలాశయానికి సొంత గుణాలున్నాయి. విశాఖ తీరంలోలా మనిషిని వెనక్కి లాగే కెరటం ఉండదు. కానీ మంచినీరు సముద్రపు నీటికన్నా రెండున్నర శాతం తేలిక కాబట్టి ఒళ్లు కాస్త లోతుగా మునుగుతుంది. ఈతకొలను అడుగున కనిపించే నల్లగీత ఇక్కడ ఉండదు. తల ఎత్తి చూసుకోకపోతే ఈతగాడు వంకరగా పోయి, ఒప్పుకున్న దూరానికి మించి ఈదుతాడు. దగ్గర దగ్గరగా పెద్ద రంగు బోయాలు, వాటి మధ్య నాటుపడవల్లో ఆ నీళ్లు పుట్టుకతో ఎరిగిన గజ ఈతగాళ్లు ఉంటే సగం భయం పోతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. ఎగువ కొలాబ్ 320 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రానికి నీరిస్తుంది, పొలాలకూ ఇస్తుంది. మట్టం మారుతుంటుంది. నవంబరులో చూసిపెట్టుకున్న రేవు ఫిబ్రవరికి బురదగట్టుగా మారవచ్చు.

నీటి శుభ్రత మాటకొస్తే అందరికీ 2024 పారిస్ ఒలింపిక్స్ గుర్తొస్తుంది. వానల తర్వాత సీన్ నదిలో బాక్టీరియా పెరిగి, జులై 30న జరగాల్సిన పురుషుల పోటీ 31కి వాయిదా పడింది. కొలాబ్‌కు ఇంకా దగ్గరి పాఠం 1998లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ సరస్సుది. అక్కడ జూన్‌లో గట్టి వానలు పడ్డాక ట్రయథ్లాన్ జరిగింది. పోటీదారులు ఇళ్లకు వెళ్లాక జ్వరాలు మొదలయ్యాయి. ఆరోగ్యాధికారులు 834 మందితో మాట్లాడితే 98 మంది జబ్బుపడ్డామన్నారు. రక్తపరీక్షలు చేయించుకున్న 474 మందిలో 52 మందికి లెప్టోస్పైరోసిస్ తేలింది. పశువుల, ఎలుకల మూత్రం వాన నీటితో కొట్టుకొచ్చి సరస్సులో చేరితే వచ్చే జబ్బు ఇది. కొండవాగులన్నీ దిగే జలాశయంలో వర్షాకాలంలోనూ, తుపాను వాన పడిన వారంలోనూ ఈత పెట్టకూడదు. ముందు వారంలో ఒకసారి, ముందురోజు ఇంకోసారి నీటి పరీక్ష చేయించి ఫలితాన్ని పోటీదారులందరికీ చూపించడం వాళ్లకు దక్కాల్సిన మర్యాద.

నీళ్లలోంచి సైకిలు మీదికి మారే చోటు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. నేల జారకూడదు, ఎవరి సైకిలు ఎక్కడుందో వెతుక్కునే పని ఉండకూడదు. చలికాలం తెల్లవారుజామున తడి ఒంటితో ఘాట్ దిగితే గాలికి వేళ్లు కొంకర్లు పోయి బ్రేకు పట్టు సడలుతుంది. అందుకే దారి మొదట ఎక్కుడుతో మొదలవ్వాలి.

ఎక్కుడుకు లెక్క సులువు. మనిషి, సైకిలు కలిసి 80 కిలోలైతే, వంద మీటర్ల ఎత్తు ఎక్కడానికి దాదాపు 78 కిలోజౌళ్ల పని కావాలి. కండరం తిండిలోని శక్తిలో నాలుగో వంతునే పనిగా మార్చగలదు కాబట్టి, ప్రతి వంద మీటర్లకూ సుమారు 75 కిలోకేలరీలు ఖర్చు. మిగతా మూడొంతులు వేడిగా మారి ఒంట్లోనే పోగుపడతాయి. కోరాపుట్ ఎత్తులో గాలి సాంద్రత తీరంకన్నా ఎనిమిది శాతం తక్కువ. చదును రోడ్డు మీద సైకిలుకు ఎదురయ్యే గాలి నిరోధం ఆ మేరకు తగ్గుతుంది, శ్వాసలో అందే ఆక్సిజనూ ఆ మేరకే తగ్గుతుంది. విశాఖ, విజయనగరం నుంచి వచ్చేవాళ్లు ఇంటి దగ్గర అలవాటైన వేగాన్నే మొదటి కొండ మీద పట్టుకుంటే రెండో కొండకే ఆయాసం వస్తుంది. ఈ మాట పోటీ ముందురోజు సమావేశంలో వాళ్లకు గట్టిగా చెప్పాలి.

సైకిలు దిగి పరుగు మొదలుపెట్టిన మొదటి కిలోమీటరులో కాళ్లు తమవి కానట్టు ఉంటాయి. గంటలకొద్దీ తొక్కిన లయ నాడుల్లో నిలిచిపోతుంది. వేగంగా పెడలు తొక్కి దిగినవాళ్లు తెలియకుండానే వేగంగా అడుగులు వేస్తారని 2002లో ఒక ప్రయోగం చూపించింది. ఆ కిలోమీటరు చదునుగా, విశాలంగా ఉంటే పడిపోయేవాళ్లు తగ్గుతారు.

ఇక వేడి. 2016 సెప్టెంబరు 18న మెక్సికోలోని కోజుమెల్ ట్రయథ్లాన్‌లో, నెల కిందటే ఒలింపిక్ రజతం గెలిచిన జానీ బ్రౌన్లీ ముందు పరుగెడుతున్నాడు. గమ్యం ఏడు వందల మీటర్లే ఉందనగా అతని కాళ్లు అడ్డదిడ్డంగా పడసాగాయి. వెనక వచ్చిన అన్న అలిస్టర్ తమ్ముణ్ని పట్టుకుని నడిపించి, గీత మీదికి తోశాడు. అప్పటికే హెన్రీ స్కూమన్ దాటిపోయి గెలిచాడు. ప్రపంచస్థాయి శరీరానికే ఆ గతి పట్టిందంటే, ఉద్యోగం చేసుకుంటూ ఏడాదిగా సాధన చేసి వచ్చిన మనిషి సంగతి చెప్పాలా? చెమట పట్టడం చాలదు, అది ఆవిరవ్వాలి. గాలిలో తేమ నిండితే చెమట కారిపోతుందే తప్ప ఒళ్లు చల్లబడదు. అందుకే పోటీల్లో మామూలు ఉష్ణోగ్రతను కాక తేమ, ఎండ, గాలి కలిపిన సూచికను చూస్తారు. అందులో తడి గుడ్డ చుట్టిన థర్మామీటరు చూపే తడిబల్బు ఉష్ణోగ్రతకే పదింట ఏడు వంతుల బరువు. కొండ దిగువన ఉన్న రాయగడలో మే నెల ఎండ మనుషుల్ని ఎలా వడగొడుతుందో అక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. కోరాపుట్ పీఠభూమి మీద డిసెంబరు ఉదయం పది డిగ్రీలకు దిగుతుంది. ఈ రెండు చోట్లనూ ఒకే దారిలో కలిపి పెట్టాలన్న ఆశ నిర్వాహకులకు కలగవచ్చు, అది మానుకోవాలి.

వడదెబ్బ తగిలితే ఏం చెయ్యాలో అమెరికాలోని ఫాల్మత్ పరుగుపందెం నేర్పింది. అక్కడ పద్దెనిమిదేళ్లలో 274 మందికి తీవ్రమైన వడదెబ్బ తగిలింది. ఒక్కరూ చనిపోలేదు. గమ్యం దగ్గరే ఐసునీళ్ల తొట్టెలు పెట్టి, అంబులెన్సు ఎక్కించకముందే మనిషిని అందులో ముంచారు. కోరాపుట్‌లాంటి చోట పెద్ద ఆసుపత్రికి కొండదారి ప్రయాణం కాబట్టి ఈ తొట్టె ఇంకా విలువైనది. ఖర్చు కూడా తక్కువే.

నీళ్లు ఎంత తాగాలన్న దాని మీద అపోహలున్నాయి. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే పదమూడు శాతం మందిలో సోడియం తగ్గి కనిపించింది, ముఖ్యంగా పరుగులో బరువు పెరిగినవాళ్లలో. అంటే చెమటకు మించి తాగినవాళ్లు. దాహాన్నిబట్టి తాగాలి. తిండి విషయంలో ఈ జిల్లాలకు గొప్ప వనరుంది. చోళ్లు, అంటే రాగులు, ఒడియాలో మాండియా, ఇక్కడి కొండల ప్రధాన ధాన్యం. నూరు గ్రాముల్లో సుమారు డెబ్బై గ్రాముల పిండిపదార్థం, మూడు వందల మిల్లీగ్రాములకు పైగా కాల్షియం. ముందురోజు చోడంబలి, పోటీ అయ్యాక మళ్లీ చోడంబలి చక్కగా సరిపోతుంది. పరుగు మధ్యలో మాత్రం వద్దు. అప్పుడు రక్తం ఎక్కువగా కండరాలకు మళ్లి, పేగులకు అందేది బాగా తగ్గిపోతుంది. పీచు ఎక్కువున్న తిండి కడుపులో నిలిచిపోతుంది. అరటిపండు, బెల్లంపానకం, చిటికెడు ఉప్పు అక్కడ మేలు.

మనసు సంగతి మరిచిపోకూడదు. 2005లో వచ్చిన ఒక ప్రయోగంలో రన్నర్లను ట్రెడ్‌మిల్ మీద పది నిమిషాలే అని చెప్పి పరుగెత్తించి, పదో నిమిషంలో ఇంకో పది నిమిషాలు ఉందన్నారు. వేగం మారలేదు, శ్రమ మాత్రం హఠాత్తుగా పెరిగినట్టు వాళ్లు చెప్పారు. మిగిలిన దూరాన్నిబట్టే మెదడు శ్రమను పంచుతుంది. పది కిలోమీటర్లని చెప్పిన దారి పదకొండయితే ఆ చివరి కిలోమీటరు ఒట్టి వెయ్యి మీటర్లు కాదు, మాట తప్పడం. దారి పొడవునా సరిగ్గా కొలిచిన దూరపు పలకలు అందుకే.

పోలండ్‌లో క్రాకోవ్ మారథాన్ ముగించిన 62 మందిని ప్షెమిస్వాఫ్ బాంబెల్ అనే మనస్తత్వవేత్త గీత దగ్గరే నొప్పి ఎంతని అడిగాడు, మూడు లేదా ఆరు నెలల తర్వాత మళ్లీ అడిగాడు. రెండోసారి వాళ్లు చెప్పిన లెక్క సగటున తగ్గింది. ఆ రోజు కలిగిన ప్రతికూల భావాలకు మాత్రం జ్ఞాపకంలోని నొప్పితో సంబంధం కనిపించింది. కండరాల నొప్పిని కాలం తుడిచేస్తుంది. దారి తప్పించిన మలుపు మీద కోపం అంత సులువుగా పోదు.

దేశంలో మొదటి ఐరన్‌మ్యాన్ 70.3 పోటీ 2019 అక్టోబరు 20న గోవాలో జరిగింది. 1.9 కిలోమీటర్ల ఈత, 90 సైకిలు, 21.1 పరుగు. అంత పెద్దది కోరాపుట్‌కు మొదటి ఏడే వద్దు. 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిలు, 5 కిలోమీటర్ల పరుగు ఉన్న స్ప్రింట్ చాలు. డిసెంబరు చివరినుంచి జనవరి మధ్యదాకా ఏదో ఒక ఆదివారం పెట్టుకోవాలి. ఆదివారాన్నే ఎంచుకోవడానికి ఇక్కడ ప్రత్యేక కారణముంది. శుక్రవారం కుందులి సంత, రాయగడ వైపు బుధవారం చాటికోన సంత. కొండల మీదినుంచి కందులు, అల్లం, కూరలు నెత్తిన పెట్టుకుని తెల్లవారకముందే బయలుదేరిన ఆడవాళ్లకు ఆ రోజు రోడ్డు మూసేస్తే వారం సంపాదన పోతుంది. పోటీ ముగిసే వేళను, రోడ్డు తెరిచే వేళను ఒడియాలోనూ, తెలుగులోనూ, కొండల్లో మాట్లాడే కువిలోనూ ఊరూరా ముందే చెప్పించాలి. చలివేంద్రాల పని ఆయా ఊళ్ల స్వయంసహాయక సంఘాలకే డబ్బిచ్చి అప్పగించాలి. చిట్టచివరి పోటీదారు వచ్చేదాకా వాటిని ఎత్తెయ్యకూడదన్నది ఆ ఒప్పందంలోనే రాసుకోవాలి.