సస్పెన్షన్ గట్టిగా ఉంటే గ్రిప్ పెరుగుతుందా? నేను చేసిన తప్పు, నేర్చుకున్న లెక్క

ఈరోజు టాపిక్ మీలో చాలామంది అడుగుతున్నదే. స్పోర్ట్స్ కారుకి గానీ, మన రోడ్ల మీద ఎక్కువగా కనిపించే టర్బో హ్యాచ్‌బ్యాక్‌కి గానీ సస్పెన్షన్ అప్‌గ్రేడ్ చేస్తే కంఫర్ట్ వదులుకోవాల్సిందేనా?

ముందు నా సంగతి చెప్తా. సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉన్నప్పుడు బోనస్ రాగానే నా హ్యాచ్‌బ్యాక్‌కి కాయిలోవర్స్ వేయించా. కాయిలోవర్ అంటే స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ కలిసి ఒకే సెట్‌గా వస్తాయి, కారు ఎత్తు మార్చుకోవచ్చు. 40 మిల్లీమీటర్లు కిందికి దించేశా. సెట్టింగ్ ఫుల్ హార్డ్‌లో పెట్టా. చూడ్డానికి కారు అదిరిపోయింది.

రెండు వారాలకి నాన్నని ఎక్కించుకుని హైదరాబాద్ నుంచి శ్రీశైలం బయల్దేరా. ఆయనకి ఎప్పట్నుంచో నడుం నొప్పి. మన్ననూరు చేరేసరికి "ఒరేయ్, దీనికంటే మన ఊళ్ళో ట్రాక్టర్ నయం రా" అన్నారు. నవ్వేసి ఊరుకున్నా. దోమలపెంట దాటాక, డ్యామ్ వైపు దిగే ఒక మలుపు మధ్యలో రోడ్డు కాస్త ఎగుడుదిగుడుగా ఉంది. కారు వెనక భాగం గెంతి పక్కకి జరిగింది. నిజానికి స్పీడ్ ఏమంత లేదు. అయినా జరిగింది. గుడి చేరేదాకా ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు.

కంఫర్ట్ పోతే పోయింది, హ్యాండ్లింగ్ వస్తుంది అనుకున్నా. నాకు రెండూ పోయాయి. ఎందుకో చూద్దాం.

గ్రిప్ ఇచ్చేది సస్పెన్షన్ కాదు, టైరు. ఆ టైరు రోడ్డుని వదలకుండా, దాదాపు ఒకే ఒత్తిడితో ఆని ఉండేలా చూడటం సస్పెన్షన్ పని. రేస్ ట్రాక్ నున్నగా ఉంటుంది కాబట్టి అక్కడ గట్టి స్ప్రింగ్ పనికొస్తుంది. మలుపులో కారు తక్కువ ఒరుగుతుంది, స్టీరింగ్ తిప్పగానే స్పందిస్తుంది. కానీ గతుకుల రోడ్డు మీద అదే గట్టి స్ప్రింగ్ ఉంటే చక్రం గతుకుని అనుసరించలేదు, గాల్లోకి లేస్తుంది. గాల్లో ఉన్న టైరుకి గ్రిప్ ఎక్కడిది?

ఇప్పుడు చిన్న లెక్క. బీటెక్ ఫిజిక్సే, భయపడకండి. ఒక చక్రం దగ్గర స్ప్రింగ్ మోసే బరువు 300 కిలోలు అనుకోండి. చక్రం దగ్గర లెక్కేస్తే స్ప్రింగ్ గట్టిదనం మిల్లీమీటరుకి 30 న్యూటన్లు అనుకోండి. అప్పుడు కారు బాడీ సెకనుకి సుమారు 1.6 సార్లు ఊగుతుంది, అంటే 1.6 హెర్ట్జ్. గట్టిదనాన్ని 60కి పెంచితే 2.25 హెర్ట్జ్ అవుతుంది. మామూలు కార్లు 1 నుంచి 1.5 మధ్య, రోడ్డు మీద నడిపే స్పోర్ట్స్ కార్లు 1.5 నుంచి 2 మధ్య ఉంటాయి. 2 దాటితే రేస్ కార్ల దారిలో పడ్డట్టే. పైగా కూర్చున్న మనిషి శరీరం నిలువు కుదుపుని ఎక్కువగా ఫీలయ్యేది 4 నుంచి 8 హెర్ట్జ్ మధ్యలో. స్ప్రింగ్ ఎంత గట్టిపడితే ఆ కుదుపు అంత ఎక్కువగా సీటు దాకా వస్తుంది. నాన్న నడుముకి తెలిసింది అదే.

రెండోది డ్యాంపర్, అంటే షాక్ అబ్జార్బర్. ఊగడాన్ని ఆపేది ఇదే. దీన్ని మరీ గట్టిగా పెడితే, నొక్కుకున్న స్ప్రింగ్ తిరిగి సాగడానికి టైమ్ పడుతుంది. మన హైవేల మీద వరసగా రంబుల్ స్ట్రిప్స్ వేస్తారు కదా, మొదటి దాని తర్వాత స్ప్రింగ్ పూర్తిగా సాగేలోపే రెండోది, మూడోది వచ్చేస్తాయి. ఒక్కో దెబ్బకి సస్పెన్షన్ ఇంకాస్త కిందికి కూరుకుపోతుంది.

మూడోది ఎత్తు. 40 మిల్లీమీటర్లు దించితే, చక్రం పైకి కదలడానికి ఉన్న చోటు దాదాపు అంతే తగ్గుతుంది. మిగిలిన చోటు అయిపోగానే బంప్ స్టాప్ అనే రబ్బరు ముక్కకి తగులుతుంది. ఆ క్షణంలో సస్పెన్షన్ ఒక్కసారిగా చాలా గట్టిపడుతుంది. మలుపు మధ్యలో అది జరిగితే కారు గెంతుతుంది. ఆరోజు ఘాట్‌లో నాకు జరిగింది ఇదే.

మరి కంపెనీలు ఏం చేస్తాయి? టొయోటా జీఆర్ 86, సుబారు బీఆర్‌జెడ్ చూడండి. రెండూ జపాన్‌లో సుబారు ఫ్యాక్టరీలోనే తయారయ్యే కవల కార్లు. రెండో తరం మొదలైనప్పుడు బీఆర్‌జెడ్ స్ప్రింగులు ముందు 30, వెనక 35 న్యూటన్లు. జీఆర్ 86లో ముందు 28, వెనక 39. తేడా ఇంతే! యాంటీ రోల్ బార్ లాంటి మరికొన్ని చిన్న మార్పులు కలిపితే జీఆర్ 86 వెనక భాగం చురుగ్గా తిరుగుతుంది, బీఆర్‌జెడ్ కాస్త నిలకడగా ఉంటుంది. కారు స్వభావాన్ని మార్చడానికి వాళ్ళు స్ప్రింగుల్ని రెట్టింపు చేయలేదు, ముందు వెనకల మధ్య నిష్పత్తిని సర్దారు.

నేను తర్వాత చేసింది ఇదీ. ముందు మంచి టైర్లు, సరైన గాలి, వీల్ అలైన్‌మెంట్. తర్వాత స్టాక్ కంటే కొంచెం మాత్రమే గట్టి స్ప్రింగులు, వాటికి సరిపోయే డ్యాంపర్లు. ఎత్తు 15 మిల్లీమీటర్లే తగ్గించా. డ్యాంపర్‌ని సాఫ్ట్ నుంచి మొదలుపెట్టి, రోజూ ఆఫీసుకి వెళ్ళే రోడ్డు మీదే ఒక్కో క్లిక్ పెంచుకుంటూ పోయా. గతుకు దాటాక కారు ఒక్కసారి ఊగి ఆగిపోతుందే, ఆ క్లిక్ దగ్గర ఆపేశా. ఒకసారి ఒకటే మార్చండి, రాసి పెట్టుకోండి. కోడ్ డీబగ్ చేసినట్టే.

నష్టం లేదా అంటే ఉంది. మలుపుల్లో కారు మునుపటి కంటే కాస్త ఒరుగుతుంది. పార్కింగ్‌లో చూస్తే అంత కిందికి కనిపించదు. ఫ్రెండ్స్ ఏడిపిస్తారు. కానీ మొన్న మళ్ళీ శ్రీశైలం వెళ్ళాం. అదే మలుపు దగ్గర నేను స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నా. కారు ఆ ఎగుడుదిగుడు మీద నుంచి మెత్తగా దాటేసింది. పక్కకి చూస్తే నాన్న నిద్రపోతున్నారు.

మీ కారు ఏది, రోజూ ఏ రోడ్డు మీద తిరుగుతారు, కామెంట్‌లో రాయండి. రెండోది తప్పకుండా రాయాలి, సెటప్ దాన్ని బట్టే చెప్పగలను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, జాగ్రత్తగా నడపండి.