దర్శనమునుండి దినచర్యకు

పథ్యము చెప్పువారు ఎల్లకాలమునను ఉందురు. పథ్యము చేయువారే అరుదు. లంఖణము పరమౌషధమని మన పెద్దలు ఏనాడో చెప్పిరి. ఐనను పండుగనాడు విస్తరి ముందు కూర్చున్నప్పుడు ఆ మాట ఎందరికి జ్ఞప్తికి వచ్చును? తెలిసిన మంచిని ఆచరణలో పెట్టించు శక్తి ఏది అన్నది వైద్యునకు, ఉపాధ్యాయునకు, మతాచార్యునకు సమానమైన సమస్య. 19వ శతాబ్దమున అమెరికాలో పుట్టిన అడ్వెంటిస్టు క్రైస్తవ సమాజముయొక్క తొలినాటి చరిత్ర ఈ విషయమున మిక్కిలి ఆలోచింపదగినది.

న్యూయార్కు రాష్ట్రమున విలియం మిల్లర్ అను కర్షకుడుండెను. అతడు బైబిలులోని దానియేలు గ్రంథమును ఏండ్ల తరబడి పఠించి, క్రీస్తు పునరాగమనము సమీపించినదని లెక్క కట్టెను. అతని మాట నమ్మినవారు తుదకు 1844 అక్టోబరు 22వ తేదీని నిర్ణయించుకొనిరి. లోకమే అంతరించునపుడు పంటతో పనియేమి అని కొందరు చేతికి వచ్చిన పంటను కోయక విడిచిరి. ఆ పగలు గడచెను, రాత్రియు గడచెను, ఎప్పటివలెనే తెల్లవారెను. చరిత్రకారులు దీనికి ‘మహాశాభంగము’ అని పేరిడిరి. ఎగతాళికి తాళలేక అనేకులు చెదరిపోయిరి. విశ్వాసమును విడువక మిగిలిన కొలదిమందిలో ఎలెన్ హార్మన్ అను 17 ఏండ్ల బాలిక యొకతె.

ఎలెన్ 1827 నవంబరు 26వ తేదీన మెయిన్ రాష్ట్రమందలి గోరమ్ గ్రామమున జన్మించెను. తండ్రి టోపీలు తయారుచేసి జీవించువాడు. తొమ్మిదవ ఏట తోటి విద్యార్థిని విసరిన రాయి ముఖమున తగులుటచే ఆమె బహుకాలము మంచము పట్టెను. చదువును అంతటితోనే ఆగిపోయెను. ఆశాభంగము జరిగిన రెండు మాసములకు, 1844 డిసెంబరులో, పోర్ట్‌లండు పట్టణమున కొందరు స్త్రీలతో కూడి ప్రార్థించుచుండగా ఆమెకు తొలి దర్శనము కలిగెను. ఎత్తైన ఇరుకు దారివెంట భక్తులు దివ్యనగరమువైపు నడచిపోవుచున్నట్లు చూచితినని ఆమె చెప్పెను. 1846లో జేమ్స్ వైట్ అను యువబోధకుని వివాహమాడి, నాటినుండి ఎలెన్ వైట్‌గా ప్రసిద్ధి చెందెను. శనివారమును విశ్రాంతిదినముగా పాటించు ఈ సమాజము 1863 మే మాసమున మిచిగన్ రాష్ట్రములోని బాటిల్ క్రీక్ నగరమున క్రమబద్ధమైన సంస్థగా ఏర్పడెను.

ఆనాటి వైద్యస్థితి దయనీయము. రోగములకు సూక్ష్మజీవులు కారణమన్న సిద్ధాంతము ఇంకను స్థిరపడలేదు. రక్తము తీయుట, రసకర్పూరమువంటి పాదరస ఔషధములను మింగించుట సామాన్యచికిత్సలు. వీనిని నిరసించి ప్రకృతిమార్గమును బోధించువారు అప్పటికే కొందరుండిరి. సిల్వెస్టర్ గ్రాహం పొట్టు తీయని గోధుమపిండిని, శాకాహారమును ప్రచారము చేసెను. ఐరోపాలో ప్రీస్నిట్జ్ ఆరంభించిన జలచికిత్స అమెరికాకు వ్యాపించెను. న్యూయార్కు రాష్ట్రమున డాన్స్‌విల్ గ్రామమందు డాక్టరు జేమ్స్ జాక్సన్ ఆ పద్ధతిలో వైద్యశాల నడపుచుండెను. అడ్వెంటిస్టులలోనే వృద్ధ నావికుడగు జోసెఫ్ బేట్స్ ఎన్నడో మద్యమును, పొగాకును, తేనీటిని, మాంసమును విడిచియుండెను.

1863 జనవరిలో వైట్ దంపతుల ఇరువురు కుమారులకు తీవ్రమైన కంఠరోగము వచ్చెను. డిఫ్తీరియా ప్రబలియున్న రోజులవి. పత్రికలో ప్రకటితమైన జాక్సన్ వ్యాసమునుబట్టి తల్లి వారికి జలచికిత్స చేయగా స్వస్థత కలిగెను. పిమ్మట జూన్ 5వ తేదీ శుక్రవారము సాయంకాలము, ఆట్సీగో గ్రామమున ఒక గృహస్థుని ఇంట ప్రార్థనాసమయమున ఎలెన్ వైట్‌కు ఆరోగ్యవిషయకమైన దర్శనము కలిగెను. శుద్ధమైన గాలి, నీరు, సూర్యరశ్మి, మితాహారము, శరీరశ్రమ, విశ్రాంతి, ఇవియే దేవుడొసగిన ఔషధములనియు, దేహమును కాపాడుకొనుట మతధర్మమే యనియు ఆ దర్శనపు సారము.

బోధ వచ్చినంతమాత్రమున ఆచరణ రాదు. అదే ఏడాది డిసెంబరులో పెద్దకుమారుడు హెన్రీకి ఊపిరితిత్తుల వాపు వచ్చెను. వైద్యుడు వాడుకప్రకారము మందులిచ్చెను. 16 ఏండ్ల ఆ బాలుడు మరణించెను. రెండు మాసములు గడవకముందే కనిష్ఠుడు విలియమునకు అదే వ్యాధి సోకెను. ఈసారి తల్లిదండ్రులు మందుల వైద్యుని పిలువక నీటినే నమ్మిరి. బాలుడు బ్రదికెను. ఒక పిల్లవాడు పోయి ఒకడు దక్కుట చికిత్సాపద్ధతికి శాస్త్రీయ నిదర్శనము కాజాలదు. కాని ఆ తల్లి మనస్సులో ఈ ఘటనలు ఎట్టి ముద్ర వేసియుండునో ఊహించుకొనవచ్చును. 1866 సెప్టెంబరులో బాటిల్ క్రీక్‌నందు ఆ సమాజమువారి మొదటి ఆరోగ్యనిలయము వెలసెను.

ఇచట ఒక ప్రశ్న ఉదయించును. ఆమె బోధలు దర్శనమువలన వచ్చినవా, జాక్సన్ మొదలగువారి రచనలనుండి వచ్చినవా? దర్శనమును వ్రాసి ముగించిన పిమ్మటనే ఆ గ్రంథములను చదివితినని 1867లో ఆమె వివరించెను. జాక్సన్ వ్యాసము జనవరిలోనే ఆమెకు తెలియుననుటయు సత్యమే. 1976లో రోనాల్డ్ నంబర్స్ అను చరిత్రకారుడు ఆమె బోధలకును, పూర్వసంస్కర్తల వ్రాతలకును గల పోలికలను విపులముగా చర్చించి గ్రంథము ప్రకటింపగా అడ్వెంటిస్టులలో పెద్ద వాదము చెలరేగెను. దైవప్రేరణ కలిగెనా లేదా అన్నది విశ్వాసులు తేల్చుకొనవలసిన మాట. చరిత్రకారుని తరాజులో అది తూగదు. కాని ఆ బోధలోని విషయములలో పెక్కు అంతకుముందే లోకమున ఉన్నవని నిస్సంశయముగా చెప్పవచ్చును.

అట్లైన దర్శనము చేసిన పని యేమి? గ్రాహం ఉపన్యాసము విన్నవాడు ఇంటికిపోయి మెచ్చుకొనవచ్చును, మరచిపోవచ్చును. అది సలహా. అడ్వెంటిస్టునకో, అదే మాట అంతరాత్మకు అందిన ఆజ్ఞ. దర్శనము కొత్త జ్ఞానమును ఇచ్చినదన్నను, ఇవ్వలేదన్నను, తెలిసిన జ్ఞానమును కర్తవ్యముగా మార్చినదనుట మాత్రము కాదనరానిది.

ఐనను ఆ కర్తవ్యము సులభముగా నెరవేరలేదు. స్త్రీలకై ఆమె ప్రతిపాదించిన సంస్కరణ దుస్తులు వివాదములకు కారణము కాగా 1875లో ఆమెయే వానిని ఒత్తిడి చేయుట మానెను. మాంసమును పూర్తిగా విడుచుటకు ఆమెకే 1894 వరకు పట్టెను. దంపతులు ధనసాయముచేసి చదివించిన డాక్టరు జాన్ హార్వే కెలాగ్ 1876లో ఆరోగ్యనిలయమునకు అధిపతియై దానిని జగత్ప్రసిద్ధము చేసెను. ధాన్యపు అటుకుల తయారీకి అతడు 1896లో పేటెంటు పొందెను. ఆ అటుకులతోనే తమ్ముడు విల్ కెలాగ్ 1906లో గొప్ప వ్యాపారమునకు పునాది వేసెను. కాని సమాజనాయకులకును డాక్టరుకును పొసగక 1907లో అతడు సభ్యత్వమును కోల్పోయెను. సంస్కరణము మాత్రము నిలిచెను. 1905లో కాలిఫోర్నియాలోని లోమా లిండాలో ఆరంభమైన సంస్థ వైద్యవిద్యాలయముగా పెరిగెను. మన నూజివీడులోని గిఫర్డ్ స్మారక వైద్యశాలయు ఆ సమాజమువారు స్థాపించినదే.

కాలిఫోర్నియాలోని 34,000 మందికి పైగా అడ్వెంటిస్టులను పరిశీలించి 2001లో ప్రకటించిన అధ్యయనము ప్రకారము, వారిలో పురుషులు ఇతర శ్వేతజాతీయులకంటె సుమారు 7.3 ఏండ్లు, స్త్రీలు 4.4 ఏండ్లు అధికముగా జీవించుచున్నట్లు తేలెను. పొగ త్రాగకుండుట, శాకాహారము, వ్యాయామము దీనికి ముఖ్యకారణములు. ఈ అంకెలు దర్శనము సత్యమని నిరూపింపవు. మంచి అలవాటు తరతరములు నిలిచినచో ఏమి ఫలించునో నిరూపించును.

లోకము రేపే అంతరించునని పంట కోయక విడిచినవారి వారసులే కిటికీలు తెరచి గాలిని రానిచ్చుటను, వంటను సంస్కరించుటను, వైద్యశాలలు కట్టుటను భక్తిలో భాగముగా నేర్చుకొనిరి. ఆకాశమువైపు చూచుచు ఆశాభంగము పొందిన జనమునకు నేలమీది దినచర్యలో ఒక అర్థము దొరకెను. ఆరోగ్యపాఠమును బోధించు ఉపాధ్యాయుడు గమనింపవలసినదియు ఇదియే. విద్యార్థికి చేతులు కడుగుకొనవలెనని తెలియనిది కాదు. తెలిసినదానిని తన ధర్మమని అతడు తలచునట్లు చేయుటయే విద్య.