ధర పడినప్పుడు ఆగగలిగేది ఎవరు?



కరువు సంవత్సరంలో పశువుల సంతకు వెళ్లినవారికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. గడ్డివాములు ఖాళీ అయిన ఊళ్లన్నీ కాడి ఎడ్లను తోలుకొని ఒకేసారి సంతకు వస్తాయి. అమ్మేవారే గాని కొనేవారు కనబడరు. నిరుడు పలికిన ధరలో సగం వస్తే గొప్ప. ఎడ్లలో లోపమేమీ లేదు. అయినా ధర పోయింది. ఇంట్లో నాలుగు మోపుల గడ్డి మిగిలినవాడు మాత్రం వాటిని అమ్మకుండా వాన కోసం ఎదురు చూడగలడు.

సరిగ్గా ఇదే సంగతి 1990 ప్రాంతంలో ఇంగ్లండు దేశంలో జరిగింది. అయితే అక్కడ సంతకు వచ్చినవి ఎడ్లు కావు, లక్షల పౌండ్ల విలువగల స్పోర్ట్స్ కార్లు. ఇద్దరు మాత్రమే కూర్చోగల ఆ కార్లను మనలో ఎవరమూ కొనబోము. అయినను ఆ కథలో మన కుటుంబాలు నేర్చుకోవలసిన పాఠం ఒకటి ఉన్నదని తోచి, ఈ నెల దానిని మీ ముందుంచుతున్నాము.

ధరలు పెరిగిన విధము

1987 అక్టోబరులో ప్రపంచమంతటా షేర్ల ధరలు ఒక్కసారిగా కూలాయి. షేర్ల మీద నమ్మకం సడలిన ధనవంతులు తమ డబ్బును కంటికి కనబడే వస్తువులలో పెట్టనారంభించారు. చిత్రపటాలు, పాత కార్లు వారికి బంగారంలా కనిపించాయి. 1988 ఆగస్టులో ఇటలీ దేశపు కార్ల నిర్మాత ఎంజో ఫెరారీ మరణించాడు. ఆయన జీవితకాలంలో వెలువడిన చివరి కొత్త కారు ఎఫ్-40. ఇక అటువంటిది రాదన్న మాట పాకేసరికి దాని కోసం జనం ఎగబడ్డారు. ఇంగ్లండులో కంపెనీ ధర రెండు లక్షల పౌండ్ల లోపే. కాని 1990లో, పందేల వీరుడు నైజెల్ మాన్సెల్ వాడిన ఎఫ్-40 ఒకటి పది లక్షల పౌండ్లకు అమ్ముడైంది. వాడిన కారుకు కొత్త కారు ధరకంటె అయిదింతలు!

కొన్నవారిలో ఎక్కువమంది కారు నడపడానికి కొనలేదు. మరొకరు ఇంకా ఎక్కువ ఇచ్చి కొంటారని కొన్నారు. ఆ మరొకరు కూడా అదే ఆశతో కొన్నారు. అప్పు సులభంగా దొరికినంత కాలం ఈ వరుస సాగింది.

బయానా కట్టినవారు

1988 అక్టోబరులో బర్మింగ్‌హాం నగరంలో జరిగిన మోటారు ప్రదర్శనలో జాగ్వార్ కంపెనీ ఎక్స్‌జె-220 అనే కారును చూపించింది. పన్నెండు సిలిండర్ల ఇంజను, నాలుగు చక్రాలకూ శక్తి అందే ఏర్పాటు దాని ప్రత్యేకతలు. తయారుచేయదలచినవి 350 మాత్రమే. ధర పన్నులు గాక 2,90,000 పౌండ్లు, ముందుగా కట్టవలసిన సొమ్ము 50,000 పౌండ్లు. అయినా సుమారు 1,400 మంది ముందుకు వచ్చారు. కారు ఇంకా తయారు కాకముందే, వరుసలో తమకు దక్కిన స్థానాన్ని లాభానికి అమ్ముకోవచ్చునని పలువురి ఆశ.

మన పట్టణాల శివార్లలో ప్లాటుకు బయానా ఇచ్చి, రిజిస్ట్రేషను గడువు రాకముందే మరొకరికి మార్చి లాభం తీసుకొనే పద్ధతి మీరు ఎరుగుదురు. ఇదీ అటువంటిదే.

గాలి మారింది

బ్రిటనులో 1988 మే నెలలో నూటికి 7.5 ఉన్న బ్యాంకుల మూల వడ్డీ రేటు 1989 అక్టోబరుకు నూటికి 15 అయింది. ఏడాదిపాటు అక్కడే నిలిచింది. ఖరీదైన కార్లను ఎగబడి కొంటున్న జపానులో 1990 ఆరంభం నుండి షేర్లు పడిపోసాగాయి. అదే సంవత్సరం ఆగస్టులో ఇరాక్ కువైటును ఆక్రమించడంతో చమురు ధర పెరిగింది. బ్రిటను మాంద్యంలోకి జారింది. 1991 ఒక్క సంవత్సరంలోనే ఇంటి అప్పు తీర్చలేని దాదాపు 75 వేల ఇండ్లను అప్పిచ్చిన సంస్థలు స్వాధీనం చేసుకొన్నాయి.

ఇల్లే నిలుపుకోలేని కాలంలో స్పోర్ట్స్ కారు ఎవరికి కావాలి? కుటుంబం ఎక్కడానికి అది చాలదు, సామాను వేయడానికి చోటు లేదు. షెడ్డులో ఊరక నిలిపి ఉంచినా ఖర్చు తప్పదు. ఎఫ్-40లో పెట్రోలు ఉంచే రబ్బరు సంచులను కొన్నేండ్లకొకసారి మార్చాలి. ఫెరారీ టెస్టరోసా కారుకు ఒక బెల్టు మార్చవలెనన్నా ఇంజను మొత్తం కిందికి దించాలి. ఇన్సూరెన్సు సరేసరి. అందుచేత కష్టకాలంలో మొదట అమ్మకానికి వచ్చేది అదే, చివరకు కొనేవారు దొరికేదీ దానికే.

లక్షలలో పలికిన ఎఫ్-40లు కొద్ది సంవత్సరాలలోనే మొదటి కంపెనీ ధర దరిదాపులకు దిగివచ్చాయి. 1960ల నాటి అరుదైన ఫెరారీ 250 జి.టి.ఓ. కారు 1989లో కోటి డాలర్లకు పైగా పలికింది. 1990ల మధ్య నాటికి ఆ ధరలో మూడవ వంతు రావడం కూడా కష్టమైంది.

సంతకం మాత్రం మారలేదు

1992లో ఎక్స్‌జె-220 చేతికి వచ్చే వేళకు పన్నులతో కలిపి ధర 4,70,000 పౌండ్లయింది. ఆనాటి లెక్కన మన రూపాయలలో రెండు కోట్లకు పైమాటే. పైగా పన్నెండు సిలిండర్ల ఇంజనుకు బదులు ఆరు సిలిండర్లది వచ్చింది. శక్తి కూడా వెనుక చక్రాలకు మాత్రమే. కంపెనీ తన మాట మార్చిందని కొనుగోలుదారులన్నారు. సంతకం చేసిన కాగితం ఉన్నదని కంపెనీ అన్నది. వివాదం కోర్టుకెక్కింది. కారు తీసుకోకుండా తప్పుకోవడానికి కొందరు కంపెనీకే ఎదురు సొమ్ము కట్టుకొన్నారు. లాభం వస్తుందని కట్టిన బయానాకు తోడు, నష్టం తప్పించుకొనేందుకు మరొక మూట!

చివరకు 300 కార్లు కూడా తయారు కాలేదు. 1994లో నిర్మాణం ఆగిపోయింది. మిగిలిపోయిన కొన్నింటిని తరువాతి సంవత్సరాలలో సుమారు లక్షన్నర పౌండ్లకు వదిలించుకొన్నారు. ఇంచుమించు మూడవ వంతు ధరకు.

ఆగగలిగినవారు

కథ ఇక్కడితో ముగియలేదు. ఏండ్లు గడిచాక కొనేవారు మరల వచ్చారు. 2018లో అమెరికాలో జరిగిన వేలంలో ఒక 250 జి.టి.ఓ. 4 కోట్ల 84 లక్షల డాలర్లు పలికింది. ఎఫ్-40లు కూడా ఆనాటి ధరలను దాటిపోయాయి. మరి 1991లో వాటిని అడిగిన ధరకు అమ్ముకొన్నవారు తెలివితక్కువవారా? కారు. వారిలో అనేకులకు ఆగే వీలు లేదు. కారు కంటె వడ్డీ వేగంగా పరుగెత్తింది.

మేము గ్రహించినది ఇదే. ధర పడిపోవడం వలన అందరూ చెడిపోరు. అప్పు చేసి కొని, పడిపోయిన రోజుననే అమ్మవలసినవాడు చెడిపోతాడు. ఆగగలిగినవానికి అది ఒక చెడ్డ సంవత్సరం మాత్రమే. ఆగలేనివానికి అది చివరి సంవత్సరం.

అట్లని ఆగితే ప్రతి వస్తువూ లాభం తెస్తుందనుకోరాదు. ఎక్స్‌జె-220 ధర ఇప్పటికి కొంత కోలుకొన్నది. కాని ముప్పై ఏండ్ల ధరల పెరుగుదలను లెక్కలోకి తీసుకొంటే ఆనాడు పెట్టిన సొమ్ము నేటికీ తిరిగి వచ్చినట్లు కాదు.

మన ఇండ్లలో

మన ఇండ్లలో ఫెరారీలు లేవు. అయితే వాయిదాల మీద తెచ్చిన ట్రాక్టరు ఉండవచ్చు, బయానా కట్టిన ప్లాటు ఉండవచ్చు. ధర పెరుగుతున్నదని పక్కవారు చెప్పగానే కాగితం మీద వేలిముద్రో సంతకమో పెట్టకముందు, ఒక రాత్రి భార్యాభర్తలు పిల్లలతో కూర్చొని ఈ మూడు ప్రశ్నలు వేసుకోవలెనని కోరుచున్నాము.

ఒకటి: దీనిని అమ్మే ఆశ లేకపోయినా మనం దీనిని కొంటామా?

రెండు: పంట పోయి, రెండేండ్లు కొనేవాడే రాకపోతే వాయిదాలు ఎక్కడి నుండి కట్టగలము?

మూడు: ఇచ్చిన మాట నష్టం తెచ్చినా నిలబెట్టుకోగలమా?

మూడింటికీ నెమ్మదిగా జవాబు చెప్పగలిగిన ఇంటివారు సంతోషముగా కొనవచ్చు. చెప్పలేనివారు ఆ సొమ్మును ఇంటిలోనే ఉంచుకొనుట మంచిది. అది కరువు ఏట మిగిలిన నాలుగు మోపుల గడ్డి వంటిది. తోటివారు ఎడ్లను తోలుకొని సంతకు పోయే రోజున దాని విలువ తెలియగలదు.