యంత్రం బిగించిన తర్వాతే అసలు పని

తూకం, వెన్న శాతం, రేటు, బిల్లు, దాణా బాకీ, ట్యాంకరు లెక్క లోగడ వేరువేరు పుస్తకాలలో ఉండేవి. వీటన్నిటినీ కలిపి గ్రామం నుండి డెయిరీ వరకు ఒకే లెక్కగా కంప్యూటరులో నడిపే ఏర్పాటును ఇ.ఆర్.పి. అంటారు. యంత్రాలు బిగించి, శిక్షణ ఇచ్చి, కొబ్బరికాయ కొట్టడంతో పని పూర్తయిందని చాలామంది భావిస్తారు. కాని చిక్కులన్నీ బయటపడేది ఆ తర్వాతి మాసాలలోనే.

పెద్ద కంపెనీలకూ ఇది తప్పలేదు. అమెరికాలో చాక్లెట్లు తయారుచేసే హెర్షీ కంపెనీ 1999 జూలైలో ఇటువంటి పద్ధతికి మారింది. గిడ్డంగులలో సరుకు ఉండి కూడా, ఆ ఏడాది పండుగ సీజనులో దుకాణాలకు సకాలంలో పంపలేకపోయింది.

మన పాల లెక్కకు వద్దాం. సంఘంలో పాలు లీటర్లలో కొలిచి, డెయిరీలో కిలోలలో తూచే చోట తగవు ఎక్కడ పుడుతుందో చూడండి. లీటరు పాలు సుమారు 1.03 కిలోలు తూగుతాయి. పూటకు 100 లీటర్ల గేదె పాలు పోస్తే 103 కిలోలు. వెన్న 7 శాతమైతే వాటిలో 7.21 కిలోల వెన్న ఉన్నట్లు. 100 లీటర్లను 100 కిలోలుగానే కంప్యూటరుకు చెబితే 7 కిలోలే చూపుతుంది. పూటకు 210 గ్రాముల తేడా. రెండు పూటలా 15 రోజులకు 6.3 కిలోలు! మునుపు ఇటువంటివి హెచ్చుతగ్గుల పద్దులో కలిసిపోయేవి. ఇప్పుడు ఆ రోజే తెర మీద కనబడతాయి.

కనబడినప్పుడు ఏం చేస్తామన్నదే ముఖ్యం. లెక్క కుదరడం కోసం గుమాస్తా ఏదో ఒక అంకె మార్చితే అంతకంటే చెరుపు లేదు. తేడా పోదు, ఎవరో ఒక రైతు ఖాతాలో పోయి కూర్చుంటుంది. పాత అంకెను అలాగే ఉంచి, సవరణను కారణంతో వేరుగా నమోదు చేయాలి. ఎవరు సవరించారో తెలియాలంటే పాస్‌వర్డు నలుగురి నోట్లో ఉండరాదు.

పాత రిజిస్టరును రెండు బిల్లుల కాలం పక్కన ఉంచుకోవడం మంచిదే. లెక్కలు సరిపోయాక దానిని మూసివేయాలి. పొద్దున పుస్తకంలో రాసి రాత్రి కంప్యూటరులో ఎక్కించే చోట ఆ కంప్యూటరు టైపు మిషనుతో సమానం. కరెంటు పోయిన పూట మాత్రం చీటీ రాసి, కరెంటు రాగానే ఎక్కించక తప్పదు.

రేటు చార్టు మారితే ఏ పూట నుండి అమలో బోర్డు మీద రాయండి. తండ్రి ఖాతా కొడుకు పేరుకు మారితే పాత నంబరు మూయించండి. సెక్రటరీ సెలవు పెట్టిన నాడు పని ఆగకుండా మరొకరికి నేర్పండి. సభ్యులు పాలు పోసిన వెంటనే చీటీలో తూకం, వెన్న శాతం చూసుకుని, అనుమానముంటే అక్కడే అడగాలని కోరుతున్నాము. బిల్లు నాటికి ఆ పాలు డెయిరీ దాటిపోయి ఉంటాయి, మళ్ళీ పరీక్షించే వీలుండదు.