సెరెంగెటి: అంతులేని మైదానం

‘సఫారీ’ అనే మాట వినని వారు నేడు అరుదు. ఇది తూర్పు ఆఫ్రికాలో విస్తృతంగా వ్యవహారంలో ఉన్న స్వాహిలీ భాషా పదం. ‘ప్రయాణం’ అని దీని అర్థం. అరబ్బీలోని ‘సఫర్’ దీనికి మూలం. ఆ ‘సఫర్’ ఉర్దూ ద్వారా హైదరాబాదు వీథులలోనూ వినిపిస్తుంది. స్వాహిలీ మాట్లాడేవారికి సఫారీ అంటే నేటికీ ఏ ప్రయాణమైనా కావచ్చు. తక్కిన లోకానికి మాత్రం అది వన్యమృగ సందర్శన యాత్రగా స్థిరపడింది.

పూర్వం ఈ యాత్ర వేటకు మారుపేరు. అమెరికా అధ్యక్ష పదవి నుండి వైదొలగిన థియొడోర్ రూజ్‌వెల్ట్ 1909లో తన కుమారునితో కలసి తూర్పు ఆఫ్రికాకు వెళ్ళాడు. వస్తు ప్రదర్శనశాలకు నమూనాలు సేకరించడం ఆ యాత్రకు చెప్పిన లక్ష్యం. తండ్రీకొడుకులిద్దరే 512 జంతువులను నేలకూల్చారు. వేటను వీరుల వినోదంగా ఎంచడం మన సాహిత్యానికీ కొత్త కాదు. మనుచరిత్రలో స్వరోచి వేటకు పెద్దన చక్కని చోటు కల్పించాడు. అయితే, ఆశ్రమ మృగాన్ని చంపవద్దని తాపసులు దుష్యంతుని వారించిన ఘట్టం కూడ మన సాహిత్యంలోనిదే. ఆ వారింపు వంటి మాట ఆఫ్రికాలోనూ చట్టరూపం ధరించింది. అలా వెలసిన రక్షిత ప్రదేశాలలో లోకప్రసిద్ధమైనది సెరెంగెటి జాతీయోద్యానవనం.

సెరెంగెటి టాంజానియా దేశపు ఉత్తర భాగంలో ఉంది. మాసాయి భాషలోని ‘సిరింగెట్’ అనే మాట నుండి ఈ పేరు పుట్టింది. ‘అంతులేని మైదానం’ అని దాని భావం. 1951లో జాతీయోద్యానవనంగా ఏర్పడిన ఈ ప్రదేశం వైశాల్యం 14,763 చదరపు కిలోమీటర్లు. 1981లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. సింహాలు, చిరుతలు, ఏనుగులు, జిరాఫీలు ఇక్కడ నివసిస్తాయి. కాని సెరెంగెటికి ఖ్యాతి తెచ్చినది వైల్డ్‌బీస్ట్ అనే జంతువు. ఎద్దును తలపించే తల, వంపు తిరిగిన కొమ్ములు, గడ్డం, వెనుకకు వాలిన నడుము గల ఈ జంతువు చూపులకు అందమైనదేమీ కాదు. అయినా లక్షల సంఖ్యలో అది సాగించే వలస చూడటానికి ప్రపంచం నలుమూలల నుండి జనం వస్తారు.

ఈ వలస ఋతుచక్రాన్ని అనుసరించి సాగుతుంది. జనవరి నుండి మార్చి వరకు మందలు దక్షిణాన ఉన్న పొట్టి గడ్డి మైదానాలలో ఉంటాయి. ఆ నేల అగ్నిపర్వతాల బూడిదతో ఏర్పడింది. అందులోని సున్నం, భాస్వరం గడ్డిలోకి చేరి పాలిచ్చే తల్లులకు బలమిస్తాయి. అందుకే ఫిబ్రవరి ప్రాంతంలో, రెండు మూడు వారాల వ్యవధిలోనే, లక్షలాది దూడలు అక్కడ పుడతాయి. పుట్టిన కొద్ది నిమిషాలకే దూడ లేచి తల్లి వెంట పరుగెత్తగలదు. వానలు వెనుకపట్టగానే మందలు పశ్చిమోత్తరాలకు కదులుతాయి. జూన్ నాటికి గ్రుమెటి నదిని, జూలై తరువాత మారా నదిని దాటుతాయి. కొన్ని మందలు కెన్యాలోని మాసాయి మారాలో ప్రవేశిస్తాయి. నవంబరులో తొలకరి జల్లులు పడగానే మరల దక్షిణానికి మళ్ళుతాయి. ఈ బాటసారులకు నాయకుడు లేడు, దేశాల సరిహద్దు తెలియదు. వానే వాటికి దారి చూపుతుంది.

వైల్డ్‌బీస్ట్‌లతో పాటు సుమారు రెండు లక్షల జీబ్రాలు, లక్షల గెజెల్ జింకలు కదులుతాయి. ఇన్ని ప్రాణులకు ఒకే మైదానం ఎట్లా సరిపోతుందనే సందేహం కలగవచ్చు. జీబ్రా ఎత్తుగా పెరిగిన ముతక గడ్డిని మేస్తుంది. అది తొలగిన తరువాత అడుగున ఉన్న ఆకులను వైల్డ్‌బీస్ట్ మేస్తుంది. చివరకు మిగిలిన లేత చిగుళ్ళు గెజెల్‌కు దక్కుతాయి. ఒకటి తిన్నది మరొక దానికి లోటు కాకపోగా, దాని విస్తరిని సిద్ధం చేస్తుంది.

మారా నదిని దాటే దృశ్యం భీకరమైనది. గజేంద్రమోక్షం చదివిన తెలుగు విద్యార్థికి మకరి పట్టు ఎటువంటిదో వివరించనక్కర లేదు. అయితే ఆ నదిలో మొసళ్ళకు చిక్కే జంతువుల కంటె, తొక్కిసలాటలోను ప్రవాహంలోను మునిగి మరణించేవే ఎక్కువ. 2017లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం ఏటా సగటున 6,250 వైల్డ్‌బీస్ట్‌లు అక్కడ మునిగి చనిపోతున్నాయి. ఈ మరణాలు వ్యర్థం కావు. రాబందులు, చేపలు, మొసళ్ళు ఆ కళేబరాలతో పోషణ పొందుతాయి. ఎముకలు ఏళ్ళ తరబడి నెమ్మదిగా కరగి, నీటికి భాస్వరాన్ని అందిస్తాయి.

ఇంతటి సమృద్ధి అనాదిగా ఇట్లాగే ఉన్నదని సందర్శకులు భావించడం సహజం. చరిత్ర వేరుగా చెబుతున్నది. 1890 ప్రాంతంలో రిండర్‌పెస్ట్ అనే పశువుల మహమ్మారి తూర్పు ఆఫ్రికాను కబళించింది. పశువులే సర్వస్వమైన మాసాయిలు కరవు పాలయ్యారు. అదే వ్యాధి వైల్డ్‌బీస్ట్‌లనూ తుడిచిపెట్టింది. ఆ తరువాత ఎన్నో దశాబ్దాల పాటు అవి కోలుకోలేదు. 1960 దశకం నాటికి ఉద్యానవనం వెలుపలి పశువులకు టీకాలు వేయడం వ్యాపించింది. టీకా వేసినది ఆవులకు, మేలు జరిగినది వన్యమృగాలకు. 1961లో రెండున్నర లక్షలకు కొంచెం పైగా ఉన్న వైల్డ్‌బీస్ట్‌ల సంఖ్య 1977 నాటికి సుమారు 13 లక్షలకు పెరిగింది. అవి గడ్డిని మేసివేయడంతో కార్చిచ్చులు తగ్గాయి, చెట్ల మొలకలు బ్రతికి బట్టకట్టాయి. రిండర్‌పెస్ట్ ప్రపంచమంతటా నిర్మూలమైనట్లు 2011లో ప్రకటించారు. అడవి క్షేమం ఊరి పశువుల కొట్టంతో ముడిపడి ఉన్నదనడానికి ఇంతకంటె నిదర్శనం లేదు.

సెరెంగెటి కథలో త్యాగమూ ఉంది. 1950 దశకం చివర ఉద్యానవనం ఎల్లలను మార్చే ప్రతిపాదన వచ్చింది. జంతువులు నిజంగా ఎక్కడ తిరుగుతున్నాయో తెలియకుండా గీత గీయడం తగదని ఫ్రాంక్‌ఫర్ట్ జంతు ప్రదర్శనశాల అధిపతి బెర్న్‌హార్డ్ జిమెక్, ఆయన కుమారుడు మిఖాయెల్ భావించారు. జీబ్రా చారలు వేసిన చిన్న విమానంలో తిరుగుతూ మందలను లెక్కించారు. మందలు ప్రతిపాదిత ఎల్లలను దాటి వెళ్తున్నాయని గ్రహించారు. 1959 జనవరి 10న ఆ విమానం ఒక రాబందును ఢీకొని కూలగా, 24 ఏళ్ళ మిఖాయెల్ మరణించాడు. గొరొంగొరొ అగ్నిబిలం అంచున ఆయనను సమాధి చేశారు. వారి శ్రమను చూపిన ‘సెరెంగెటి మరణించరాదు’ అనే చలనచిత్రానికి 1960లో ఆస్కార్ పురస్కారం లభించింది. వారు ఆరంభించిన లెక్క నేటికీ ముగియలేదు. ఉపగ్రహ చిత్రాల ఆధారంగా 2025లో ప్రకటించిన ఒక అంచనా, వైల్డ్‌బీస్ట్‌లు ఆరు లక్షల లోపే ఉన్నాయని పేర్కొంటున్నది.

అయితే మరొక త్యాగం ఇష్టపూర్వకమైనది కాదు. తరతరాలుగా ఆ మైదానాలలో పశువులను మేపుకొన్న మాసాయిలు 1959లో ఉద్యానవనాన్ని విడిచి, గొరొంగొరొ పరిరక్షణ ప్రాంతానికి తరలవలసివచ్చింది. వారు సాధారణంగా వన్యమృగ మాంసం ముట్టరు. ఏ కాలంలో ఏ పచ్చిక మందల పాలు, ఏది తమ పశువుల పాలు అనే ఎరుక వారిది. ‘అంతులేని మైదానం’ అని పేరు పెట్టిన వారికే ఆ మైదానంలో చోటు లేకపోవడం చరిత్రలోని విషాదం. 2022 జూన్‌లో ఉద్యానవనాన్ని ఆనుకొని ఉన్న లోలియొండోలో 1,500 చదరపు కిలోమీటర్ల భూమికి ప్రభుత్వం హద్దులు నాటినప్పుడు ఘర్షణలు చెలరేగాయి. అడవిని కాపాడటానికి మనిషిని దూరం చేయక తప్పదా అన్న ప్రశ్న నల్లమల చెంచులను ఎరిగిన వారికి కొత్తది కాదు. దానికి సులభమైన సమాధానమూ లేదు.

అభివృద్ధి కూడ సెరెంగెటిని పరీక్షించింది. 2010లో ఉద్యానవనం ఉత్తర భాగం మీదుగా రహదారి వేసే యోచన ప్రకటితమైంది. వలస మార్గాన్ని అది అడ్డగిస్తుందని శాస్త్రజ్ఞులు హెచ్చరించారు. ఉద్యానవనం గుండా తారు రహదారి వేయరాదని 2014లో తూర్పు ఆఫ్రికా న్యాయస్థానం తీర్పు చెప్పింది. దూరపు గ్రామాల వారికి రోడ్డు అవసరమన్నది నిజం, మందలకు దారి అవసరమన్నదీ అంతే నిజం.

చివరకు సందర్శకుని సంగతి. అతని చేతిలో తుపాకికి బదులు కెమెరా ఉంది కనుక అతడు నిరపాయకరుడని అనుకోరాదు. వేటాడబోయే చీతా చుట్టూ పది వాహనాలు మూగితే జింక బెదిరి పారిపోతుంది, చీతా పిల్లలు ఆకలితో మిగులుతాయి. మాసాయి మారాలో జరిపిన పరిశోధన 2018లో వెలువడింది. సందర్శకుల రద్దీ తక్కువగా ఉన్న చోట తల్లి చీతా ఒక ఈతలో సగటున రెండుకు పైగా పిల్లలను పెంచి పెద్దచేయగలిగింది. రద్దీ ఎక్కువైన చోట ఐదు ఈతలకు ఒక్క పిల్ల దక్కడమే గగనమైంది. నది ఒడ్డున వాహనాలు బారులు తీరితే మందలు రేవును విడిచి వెనుదిరుగుతాయి. అందుకే వాహనం దిగరాదు, బాట విడిచి పోరాదు, వేగం గంటకు 50 కిలోమీటర్లు మించరాదు అనే నియమాలు ఏర్పడ్డాయి. ఇవి సందర్శకుని ప్రాణరక్షణకే కాదు, మృగాల ప్రాణరక్షణకు కూడ ఉద్దేశించినవి.

సెరెంగెటిలో కంటికి కనబడేది మంద. దాని వెనుక అగ్నిపర్వతపు బూడిద, వాన, ఊరి ఆవులకు వేసిన టీకా, ఒక యువకుని మరణం, ఒక జాతి వలస ఉన్నాయి. వీటిని ఎరిగి చూసేవాడు మంద దారికి అడ్డు నిలవడు. అతిథికి ఇంటివారి కష్టం తెలిస్తే ఆ ఇంట ఎట్లా మసలుకోవాలో మరొకరు చెప్పవలసిన పని ఉండదు.