లారీ వెళ్లిపోయిన తరువాత

అయిదేళ్లకొకసారి, లోక్‌సభ ఎన్నికల ఫలితాలు వెలువడిన కొద్ది వారాలకు, రాజధానిలో ఒక దృశ్యం కానవస్తుంది. నార్త్ ఎవెన్యూ, సౌత్ ఎవెన్యూలలో లారీలు బారులు తీరుతాయి. ఓడిన సభ్యుల మంచాలు, బీరువాలు, శాలువల మూటలు, జ్ఞాపికలు వాటిలోకెక్కుతాయి. గెలిచినవారి సామాను దిగుతుంది. మన ప్రజాస్వామ్యంలో అధికార మార్పిడి ఎంత ప్రశాంతంగా జరుగుతుందో చెప్పడానికి ఇంతకంటె మంచి నిదర్శనం లేదని నేను చాలాకాలం అనుకుంటూ వచ్చాను.

2019 జూన్‌లో ఆ అభిప్రాయాన్ని కొంత సవరించుకోవలసి వచ్చింది. ఒక మాజీ సభ్యుని ఇంటి ముందు, లారీ వెళ్లిపోయిన తరువాత, ఒక తెల్ల బొచ్చుకుక్క మిగిలిపోయింది. రెండు రోజులుగా మూసిన తలుపు వంకనే చూస్తూ కూర్చున్నదని కాపలాదారు చెప్పాడు. ఆ నెల 10వ తేదీన పాలం వద్ద ఉష్ణోగ్రత 48 డిగ్రీలకు చేరింది. ఆ ఎండలో దానిని వదలి రావడానికి మనసొప్పలేదు. ఇంటికి తీసుకొని వచ్చాను. మా ఇంట్లో ‘మల్లి’ అని పేరు పెట్టారు. అప్పటికి దాని ఒంటిపై మల్లెపూవును తలపించేదేదీ లేదు. బొచ్చు ఉండలు కట్టి, చెవుల వెనుక పిడుదులు పట్టి ఉన్నది.

మనవైపు ఈ జాతిని ‘పొమరేనియన్’ అంటారు. అసలు పొమరేనియన్ రెండు మూడు కిలోలకు మించని బుల్లి ప్రాణి. బాల్టిక్ సముద్రతీరంలోని పొమరేనియా ప్రాంతం వల్ల దానికా పేరు వచ్చింది. విక్టోరియా రాణి పెంచడంతో ఇంగ్లండులో ప్రసిద్ధి కెక్కింది. మన మధ్యతరగతి ఇళ్లలో పెరిగేది చాలావరకు దాని దాయాది అయిన ఇండియన్ స్పిట్జ్. 1994లో వచ్చిన ‘హమ్ ఆప్‌కే హై కౌన్’ చిత్రంలో ‘టఫీ’గా కనిపించినది ఈ జాతి కుక్కయే.

ఈ కుక్కను చూసి ముచ్చటపడడం వేరు, దానితో కాపురం చేయడం వేరు. దాని బొచ్చు రెండు పొరలు. పైన పొడుగాటి వెంట్రుకలు, అడుగున ఉన్నివంటి మెత్తని పొర. ఎండాకాలం వచ్చినదని జాలిపడి నున్నగా గొరిగించేవారున్నారు. అది మేలు కాదు. పైపొర ఎండనుంచి చర్మానికి కొంత రక్షణ. చేయవలసినది దువ్వడం. వారానికి మూడుసార్లయినా అడుగుపొర వరకు దువ్వితే రాలవలసిన ఉన్ని రాలిపోయి గాలి ఆడుతుంది. దువ్వకపోతే అది అట్టకట్టి, కింద చర్మం పుండు పడుతుంది. మల్లి బొచ్చు చిక్కు తీయడానికి మాకు పందొమ్మిది రోజులు పట్టింది. మొదటి వారం అది పళ్లు చూపించింది. రెండవ వారం ఓర్చుకొన్నది. మూడవ వారం దువ్వెన తీయగానే తానే వచ్చి పక్కకు ఒరిగింది.

కుక్కకు మనవలె ఒళ్లంతా చెమట పోయదు. నాలుక చాపి వగర్చడమే దానికి ప్రధానమైన చల్లదనోపాయం. అందుచేత మే, జూన్ నెలలలో మల్లి షికారు సూర్యోదయానికి ముందే ముగియాలి. అరచేతి వెనుకభాగాన్ని రోడ్డుకు ఆనించి కాసేపు ఓర్చుకోలేకపోతే కుక్కను ఆ రోడ్డున నడిపించరాదు. వర్షాకాలంలో పిడుదుల జ్వరం భయం. దీపావళికి టపాకాయల భయం. ఏటా రేబిస్ టీకా తప్పనిసరి. పెరుగన్నంతోనే సరిపెట్టరాదు, మాంసకృత్తులు కావాలి. ఉల్లిపాయ దానికి విషం. ఇక దాని ఉత్సాహం సంగతి. సభ అర్ధరాత్రి వరకు సాగి నేను ఇల్లు చేరినా, తెల్లవారుజామున అయిదు గంటలకు మంచం పక్కన హాజరు. వాయిదా తీర్మానాలు దాని వద్ద చెల్లవు.

ఈ వివరాలన్నీ ఇంటి ముచ్చట్లుగా తోచవచ్చు. కాని పార్లమెంటు వీటిని ఏనాడో చర్చించింది. రాజ్యసభ నామినేటెడ్ సభ్యురాలు రుక్మిణీదేవి అరండేల్ 1950వ దశకంలో తెచ్చిన ప్రైవేటు బిల్లు పర్యవసానంగా 1960లో జంతుహింస నిరోధక చట్టం వచ్చింది. దాని 11వ సెక్షను చదివితే ఆశ్చర్యం కలుగుతుంది. నిత్యం కట్టివేసి ఉంచే కుక్కకు తగిన వ్యాయామం కల్పించకపోవడం నేరం. చాలినంత తిండి, నీరు, నీడ ఇవ్వకపోవడం నేరం. ఆకలిదప్పులకు గురయ్యే స్థితిలో విడిచిపెట్టడం నేరం. శాసనకర్తలు కుక్క షికారును గూర్చి కూడా ఆలోచించారన్న మాట.

అయితే తొలి నేరానికి గరిష్ఠ జరిమానా 50 రూపాయలు. 2022 నవంబరులో కేంద్రం సవరణ ముసాయిదాను వెలువరించేనాటికీ అదే మొత్తం. ఆ ముసాయిదా 17వ లోక్‌సభ ముగిసేలోగా బిల్లుగా సభ ముందుకు రానేలేదు. వేల రూపాయలు పోసి కొన్న ప్రాణిని వీధిపాలు చేసినవాడు ఒక పూట టిఫిను ఖర్చుతో బయటపడవచ్చు. ఆ మాత్రం చెల్లించినవారిని కూడా నేను చూడలేదు.

2025 ఆగస్టులో వీధికుక్కల విషయమై సుప్రీంకోర్టు ఆదేశాలతో రాజధాని అట్టుడికింది. 11వ తేదీన ఒక ధర్మాసనం అన్నింటినీ ఆశ్రయాలకు తరలించమన్నది. 22వ తేదీన విస్తృత ధర్మాసనం సవరించి, రేబిస్ సోకినవి, క్రూరస్వభావం కలవి మినహా తక్కినవాటికి శస్త్రచికిత్స, టీకా చేసి పట్టినచోటనే వదలమన్నది. కరిచే కుక్కల గూర్చి, కాటుకు గురైన పసివారి గూర్చి వాదోపవాదాలు సాగాయి. అవి అవసరమే. ఇళ్లనుంచి వీధికి చేరే కుక్కల ప్రసక్తి మాత్రం అంతగా వినిపించలేదు. వీధిలో పుట్టిన కుక్కకు వీధి విద్య తెలుసు. మల్లివంటిదానికి తెలిసినది ఒక తలుపు మాత్రమే.

ఈ జాతి కుక్క పన్నెండు, పద్నాలుగేళ్లు బతుకుతుంది. అనగా రెండు లోక్‌సభల పూర్తికాలానికి పైమాట. పిల్లల పుట్టినరోజు కానుకగా దానిని కొనేవారు ఈ లెక్క ముందుగా వేసుకోవాలి. బదిలీలు, ఓటములు, పిల్లల విదేశీ చదువులు, అన్నీ ఆ కాలంలోనే వస్తాయి. తీసుకొని పోలేని పక్షంలో ఇంకొక ఇల్లు చూపించి పోవడం కనీస ధర్మం. అందుకు చట్టంతో పని లేదు.

2024 జూన్‌లో ఆ వీధులకు మళ్లీ లారీలు వచ్చాయి. ఈ వీడ్కోళ్ల మీద వార్త రాసి ఇల్లు చేరేసరికి, మా ఆవిడ ఊరు ప్రయాణానికై అటక మీదినుంచి పెట్టె దింపింది. మల్లి దువ్వెనకు రాలేదు, అన్నానికి రాలేదు. అయిదేళ్లు గడిచినా పెట్టె చూస్తే దానికి అంతే. పెట్టె తిరిగి అటకెక్కేవరకు వెళ్లి తలుపుకు అడ్డంగా పడుకొన్నది.